దేశాలు తిరిగే యువకుడు అతిథిగా వెళ్లాలి

మన యువకులలో ఒక కొత్త కోరిక పెరుగుతున్నది. వీపున ఒక సంచి తగిలించుకొని, తక్కువ ఖర్చుతో, టూరిస్టు బస్సుల జోలికి పోకుండా, పరాయి దేశాలలో నెల రెండు నెలలు తిరిగి రావాలన్నదే ఆ కోరిక. దీనిని బ్యాక్‌ప్యాకింగ్ అంటున్నారు. చిలమత్తూరు, లేపాక్షి, హిందూపురం పరిసరాల నుండి బెంగళూరు వెళ్లి కంపెనీలలో పనిచేస్తున్న మన పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు మా వద్ద కూర్చుని ఈ మాట ఎత్తుతున్నారు. ఒకరు మలేషియా అంటారు, ఒకరు తుర్కియా అంటారు, ఇంకొకరు సమర్కంద్, బుఖారాల పేర్లు చెబుతారు. అందరూ అనే మాట మాత్రం ఒక్కటే: “హజ్రత్, అందరూ ఫోటోలు దిగే కట్టడాలు కాదు, అక్కడి అసలైన జీవితాన్ని చూడాలి.”

వారి తండ్రులలో చాలామందికి ఈ మాట రుచించదు. కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి మాతో ఇలా అన్నారు: “మేము పరదేశం పోయింది కూటి కోసం హజ్రత్. వీడు చేతిలో ఉన్న పనికి సెలవు పెట్టి ఊరకే తిరిగి వస్తాడంట. అన్నేళ్లు ఉన్నా సముద్రపు ఒడ్డున తీరికగా కూర్చున్న పొద్దు నాకొకటి గుర్తు లేదు. మీరైనా చెప్పండి వాడికి.” ఈ మాటలో కోపం కంటే బాధ ఎక్కువ. ఆ బాధను మేము తేలికగా తీసుకోము. అయితే ఆయన కోరినట్లు ‘వెళ్లవద్దు’ అని ఆ కుర్రవానికి చెప్పడానికి ధర్మంలో మాకు ఆధారం దొరకలేదు.

దివ్యఖుర్‌ఆన్ భూమిపై సంచరించమని, సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమని అంకబూత్ సూరాలో ఆదేశిస్తున్నది. గతించిన జాతుల పర్యవసానాన్ని కళ్లారా చూడమని మరికొన్ని చోట్ల చెబుతున్నది. మానవులను జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం తెలుసుకోవడానికేనని హుజురాత్ సూరా బోధిస్తున్నది. షరీఅత్‌లో ముసాఫిర్‌కు ప్రత్యేక స్థానమే ఉన్నది. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు అతనికి రెండు రకాతులవుతుంది. రమజాన్ ఉపవాసాన్ని తరువాత పాటించే వెసులుబాటు ఉంటుంది. జకాత్ పొందగల ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. స్వగ్రామంలో సంపన్నుడైనా సరే, దారిలో చేయి ఖాళీ అయితే అతనికి హక్కు ఉన్నది.

ఈ వెసులుబాట్లు ఎందుకు వచ్చాయో ఆలోచించాలి. ప్రయాణం యాతనలో ఒక ముక్క అని, అది మనిషికి నిద్రాహారాలను దూరం చేస్తుందని, పని పూర్తికాగానే త్వరగా ఇంటికి చేరుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఉపదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. అంటే, ధర్మం దృష్టిలో ముసాఫిర్ అంటే అవసరంలో ఉన్న మనిషి. ఇతరుల దయ లేకుండా ఒక పూట కూడా గడవని మనిషి. నేటి ప్రయాణికుడో, ఆ అవసరాలన్నింటినీ ముందుగానే డబ్బిచ్చి కొనుక్కొని బయలుదేరుతున్నాడు. గది ఫోనులోనే ఖరారవుతుంది, దారి ఫోనే చూపుతుంది, భోజనం ఫోను చెప్పిన చోటే. ఎవరినీ ఏమీ అడగవలసిన పని లేదు. అన్నీ కొనుక్కున్న తరువాత, ‘ఇక్కడి మనుషులతో అసలైన అనుభవం కలగడం లేదే’ అని వెదుకులాట మొదలు. కొనుగోలుదారుకు సరుకు దొరుకుతుంది. మనుషులు దొరికేది అతిథికి. మా యువకులకు మేము చెప్పదలచినది ఇదే.

ఈ విషయం అర్థం కావడానికి పరదేశం వెళ్లనవసరం లేదు. జాతీయ రహదారిపై కొడికొండ చెక్‌పోస్టు వద్ద మళ్లి లేపాక్షికి పోయే వాహనాలను గమనిస్తే చాలు. సెలవు దినాలలో వరుస కట్టి వస్తాయి. లేపాక్షి ఆలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, ఫోటో తీసుకొని, చీకటి పడేలోగా బెంగళూరు చేరుకుంటారు. వారిలో తప్పేమీ లేదు. అప్పుడప్పుడు సంచి తగిలించుకున్న విదేశీ యువతీయువకులు కూడా కనిపిస్తారు. వారికి ఆలయంతో పాటు ‘అసలైన పల్లె’ కూడా కావాలి. కళ్లంలో వేరుశనగ కాయలు ఎగరబోస్తున్న అవ్వ కనిపిస్తే ఆగి ఫోటో తీస్తారు, చిరునవ్వు నవ్వుతారు, వెళ్లిపోతారు. ఆ ఫోటోలో అవ్వ చాలా అందంగానే ఉంటుంది.

కానీ ఆమెలో అసలైనది ఏది? పాత అనంతపురం జిల్లాలో సగటున ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా పైరు అడిగినప్పుడు పడదు. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఆకులు పచ్చగా ఉంటాయి, కింద కాయ ఉండదు. ఆ ఏడు కళ్లంలో ఎగరబోయడానికి పొట్టే మిగులుతుంది. అప్పులు తీరవు, పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. అవ్వ చేతిలోని చేటకు ఇంత కథ ఉన్నది. ఒక పూట కూర్చుని, “ఈ ఏడు పంటెట్లుందవ్వా?” అని అడిగిన వానికి ఆమె ఆ కథంతా చెబుతుంది, మజ్జిగ కూడా పోస్తుంది. ఫోటో తీసిన వానికి చేట మాత్రమే దక్కింది. రేపు మన పిల్లవాడు సంచి తగిలించుకొని మరొక దేశపు పల్లెలో దిగినప్పుడు, ఎదురుపడే ప్రతి ముసలమ్మా ఈ అవ్వే.

ఇరవై ఒక్క ఏళ్ల వయస్సులో, 1325లో, ఇబ్నె బతూతా తన స్వస్థలమైన తాంజియర్ నుండి హజ్జ్ కోసం ఒంటరిగా బయలుదేరాడు. అప్పటికి తల్లిదండ్రులు ఇద్దరూ సజీవులే. దారిలో ట్యూనిస్ నగరం చేరినప్పుడు జరిగిన ఒక చిన్న సంఘటనను ఆయన దాచకుండా చెప్పుకున్నాడు. బిడారు నగరం చేరగానే ఊరివారు ఎదురువచ్చి తమ తమ పరిచితులను పలకరిస్తున్నారు, సలాములు చెప్పుకుంటున్నారు. ఈయనకు మాత్రం ఎవరూ సలాం చెప్పలేదు. ఆ ఊరిలో ఆయనను ఎరిగినవారు లేరు. దుఃఖం ఆపుకోలేక ఏడ్చేశాడు. అది చూసిన తోటి హజ్ యాత్రికుడు ఒకడు దగ్గరకు వచ్చి సలాం చెప్పి, నగరంలో ప్రవేశించేదాకా మాటలతో ఓదారుస్తూ నడిచాడు. తరువాతి ఇరవైనాలుగు సంవత్సరాలలో ఆయన ఎందరో సుల్తానుల దర్బారులు చూశాడు, ఢిల్లీలో ఖాజీగా పనిచేశాడు, మాల్దీవులలోనూ ఖాజీ అయ్యాడు, చైనా దాకా ప్రయాణించాడు. ముప్పై ఏళ్ల తరువాత గ్రంథం చెప్పి వ్రాయిస్తున్నప్పుడు కూడా ఆ పేరు తెలియని మనిషి చెప్పిన సలాం ఆయనకు జ్ఞాపకం ఉన్నది. దర్బారు కానుకల లెక్కలు కూడా ఆ గ్రంథంలో విస్తారంగా ఉన్నాయి, అది వేరే సంగతి. వాటి విషయంలో ఆయనకు మొహమాటం తక్కువ.

ఆ గ్రంథంలోనే మన ఇరుగుపొరుగుకు సంబంధించిన ఒక వివరం ఉన్నది. నేటి కర్ణాటక తీరంలోని హొన్నావర్‌లో బాలికలకు పదమూడు, బాలురకు ఇరవైమూడు పాఠశాలలు చూశానని, అక్కడి స్త్రీలు ఖుర్‌ఆన్ కంఠస్థం చేసినవారని ఆయన పేర్కొన్నాడు. లెక్కపెట్టేంత తీరిక, అడిగేంత ఆసక్తి ఆయనకు ఉన్నాయి. ఆడపిల్ల చదువు మన కుటుంబాలలో ఇంకా చర్చనీయాంశంగా ఉన్నందువల్ల ఈ లెక్కను మేము తరచు జ్ఞాపకం చేస్తుంటాము.

ప్రయాణికుని మర్యాద ఎలా ఉండాలో తెలిపే ఉత్తమమైన ఉదంతం కహఫ్ సూరాలో ఉన్నది. హజ్రత్ మూసా (అలై) జ్ఞానార్జన కోసం యువకుడైన ఒక సహచరుని వెంటబెట్టుకొని రెండు సముద్రాల సంగమం దాకా వెళ్లారు. గుర్తుగా తీసుకువెళ్లిన చేపను దారిలో మరచిపోయారు. చేరవలసిన చోటును దాటి ముందుకు పోయిన తరువాతే అలసట తెలిసింది, ఆకలి వేసింది. తమ అడుగుజాడలను పట్టుకొని వెనుదిరిగారు. వెదకిన మనిషి దాటివచ్చిన చోటనే ఉన్నాడు. ఆయనే హజ్రత్ ఖిజర్ (అలై) అని హదీసు ద్వారా తెలుస్తున్నది. ఆ తరువాతి ప్రయాణంలో నావ, బాలుని సంఘటనల అనంతరం ఇద్దరూ ఒక ఊరు చేరి అన్నం అడిగారు. ఊరివారు పెట్టలేదు. అదే ఊరిలో కూలడానికి సిద్ధంగా ఉన్న ఒక గోడ కనబడింది. ఖిజర్ దానిని సరిచేసి నిలబెట్టారు. ‘కోరితే కూలి అయినా తీసుకొని ఉండవచ్చు కదా’ అన్నారు మూసా (అలై).

ఈ ఘట్టాన్ని మదర్సాలో బోధించినప్పుడల్లా విద్యార్థులు మూసా (అలై) పక్షాన నిలబడతారు. అది సహజమే, ఆకలితో ఉన్నది వారు కూడా! నేటి యువకుడయితే ఆ ఊరికి ఫోనులో ఒక్క చుక్క వేసి, ‘ఇక్కడికి ఎవరూ రావద్దు’ అని వ్రాసి బస్సెక్కేవాడు. ఖిజర్ ఆ ఊరి ఆతిథ్యాన్ని బట్టి ఊరికి వెల కట్టలేదు. ఆ గోడ కింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉన్నదని, వారి తండ్రి సత్పురుషుడని, ఆ బాలురు పెరిగి పెద్దవారై దానిని పొందాలని ప్రభువు సంకల్పించాడని తరువాత తెలిపారు. బాటసారులు ఆ పిల్లలతో మాట్లాడిన ప్రస్తావన అక్కడ లేదు. గోడ ఎవరు నిలబెట్టారో పిల్లలకు తెలిసినట్లూ లేదు. ఫోటోకు అందని పని అది. ‘ఆ దేశం నాకేమిచ్చింది’ అని లెక్కవేసుకునే యువకునికి ఈ ఘట్టం ఒక్కసారి చదివి వినిపించండి.

ఇక తక్కువ ఖర్చు సంగతి. ఖర్చు తగ్గించుకోవడం మంచిదే, దుబారాను ధర్మం మెచ్చదు. అయితే కొందరు యాత్రికులు పరదేశంలో వీధిలో కూర్చుని, ‘నా ప్రపంచయాత్రకు సహాయం చేయండి’ అని అట్ట మీద వ్రాసి పెట్టుకొని డబ్బు అడుగుతున్నారు. పూర్వం యమన్ నుండి కొందరు హజ్జ్‌కు ఏ సంబారమూ లేకుండా బయలుదేరేవారు, ‘మేము అల్లాహ్‌ను నమ్ముకున్నవారము’ అనేవారు, మక్కా చేరి జనం ముందు చేయి చాచేవారు. వారి విషయంలోనే, దారిబత్తెం వెంట తీసుకువెళ్లమని, ఉత్తమమైన దారిబత్తెం దైవభీతి అని తెలిపే బఖరా సూరా ఆయతు అవతరించిందని ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. ముసాఫిర్‌కు జకాత్‌లో హక్కు ఉన్నది నిజమే. అది దారిలో చితికినవానికి. తిరుగు టికెట్టు కొనకుండా బయలుదేరడం తవక్కుల్ కాదు. ఆతిథ్యానికి కూడా హదీసు హద్దు చెప్పింది. ఒక పగలు, ఒక రాత్రి ప్రత్యేక మర్యాద. మూడు రోజులు ఆతిథ్యం. ఆపైన చేసేది దానం. ఇంటివారిని ఇరకాటంలో పెట్టేదాకా ఉండటం అతిథికి తగదు. పరాయి దేశంలో ఏ పేద కుటుంబమో ప్రేమతో ఇంట్లో చోటిస్తే నాలుగవ నాడు సంచి సర్దుకోవాలి.

భాష విషయం కొంత వివరంగా చెప్పాలి, దీనిని మన పిల్లలు పూర్తిగా విస్మరిస్తున్నారు. అల్‌బీరూనీ సంస్కృతం నేర్చి, పండితులతో కూర్చుని గ్రంథాలు చదివి, ఆ తరువాతే 1030 ప్రాంతంలో భారతదేశం గురించి తన గ్రంథం వ్రాశాడు. ఆయన మహాపండితుడు, ఆయనతో పోలిక మనకెందుకంటారా? మరొకరిని చూడండి. హైదరాబాద్ వాసి అయిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1828లో ఇల్లు విడిచి, మన మచిలీపట్నం, మద్రాసులతో సహా అనేక నగరాలు తిరిగి లక్నో చేరాడు. అక్కడ నవాబు అశ్వికదళంలో ఉద్యోగం. ఆ కాలంలో ఇంగ్లీషు నేర్చుకున్నాడు, పుస్తకాలు చదివాడు, సెలవు తీసుకొని 1837లో కలకత్తాలో ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లాడు. ఆయన యాత్రాగ్రంథం 1847లో ఢిల్లీలో అచ్చయింది. ఐరోపా యాత్రను గురించి ఉర్దూలో వచ్చిన తొలి గ్రంథంగా దానిని పరిగణిస్తారు. ఆయన నడవడిలోను, విశ్వాసంలోను మేము ఎంతమాత్రం సమర్థించలేని విషయాలు ఉన్నాయి, వాటిని ఆయనే వ్రాసుకున్నాడు కూడా. కానీ భాష నేర్చిన తరువాతే ఓడ ఎక్కాడన్న సంగతిని గుర్తించాలి.

మన సరిహద్దు మండలంలో పుట్టిన పిల్లవానికి తెలుగు, కన్నడం, ఇంటి దక్కనీ ఉర్దూ ఎవరూ నేర్పకుండానే వస్తాయి. మూడు భాషలు నాలుక మీద ఉన్నవానికి నాలుగవది కష్టం కాదు. వెళ్లబోయే దేశపు భాషలో యాభై మాటలు నేర్చుకోవడానికి బెంగళూరు బస్సులో గడిచే గంటలు చాలు. ‘అమ్మా, నీళ్లు ఇస్తారా’ అని వారి భాషలో అడగగలిగితే తెరచుకునే తలుపు, ఇంగ్లీషులో అడిగితే తెరచుకోదు. వీటికి తోడు మనకు ముందుగానే వచ్చిన ఒక మాట సలాం. కౌలాలంపూర్‌లోనైనా, బుఖారాలోనైనా జుమా నమాజు తరువాత పక్క మనిషికి సలాం చెప్పి చేయి కలిపితే, తరువాతి మాట ‘ఎక్కడి నుండి వచ్చారు’ అనేదే అవుతుంది. హోటలు గదిలో ఒంటరిగా నమాజు చదువుకొని, పగలంతా ‘స్థానికుల’ కోసం వెదికే ముస్లిం యువకుని తీరు మాకు వింతగా తోస్తుంది.

ఆడపిల్లల ప్రయాణం గురించి తల్లులు మమ్మల్ని అడుగుతారు. మహ్రమ్ తోడు లేకుండా దూర ప్రయాణం విషయంలో హదీసులు స్పష్టంగా ఉన్నాయి, వాటిని మేము దాటి చెప్పలేము. అయితే దీని అర్థం ఆడపిల్ల లోకం చూడకూడదని కాదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) పదహారేళ్ల ప్రాయంలో తల్లితోను, సోదరునితోను కలిసి బుఖారా నుండి హజ్జ్‌కు వెళ్లారు. హజ్జ్ అయిన తరువాత తల్లి, సోదరుడు తిరిగివచ్చారు. ఆయన హదీసు విద్య కోసం అక్కడే ఉండిపోయారు. ఆ తల్లి కొడుకులతో కలిసి ఎంత భూమి చూసిందో ఆలోచించండి! అన్న ఒంటరిగా సంచి తగిలించుకొని పోయే బదులు చెల్లెలిని, అమ్మీని వెంట తీసుకుపోతే ఖర్చు పెరుగుతుంది. కానీ ఏ దేశంలోనైనా గృహస్థుల ఇళ్లలోకి, వంటగది దాకా ప్రవేశం దొరికేది తల్లులతో వెళ్లినవారికే.

పెనుకొండ కొండ కింద హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ సమాధి ఉన్నది. ఆయన దూరదేశం నుండి బయలుదేరి తిరుచిరాపల్లి చేరి, నత్తర్ వలీకి శిష్యుడై, గురువు ఆజ్ఞతో పెనుకొండ వచ్చి స్థిరపడ్డారని సంప్రదాయ కథనం. దర్గాల వద్ద జరిగే ఆచారాల గురించి మా అభిప్రాయం వేరు, ఇక్కడ ఆ చర్చ వద్దు. ఆ బాటసారికి ఈ సీమ పరదేశం. ఇక్కడివారు ఎవరో ఆయనకు మొదటి ముంత నీళ్లు ఇచ్చి ఉంటారు.

బయటివారికి నీళ్లిచ్చే ఆ అలవాటు నేడు మన వద్ద ఎంత మిగిలింది? పూర్వం మసీదుల పక్కన ముసాఫిర్‌ఖానా ఉండేది. నేడు చాలా చోట్ల ఆ గదిలో పాత చాపలు, పందిరి సామాను, పనిచేయని ఫ్యాన్లు పెట్టి తాళం వేస్తున్నారు. నిజాం పాలకులు మక్కాలో తమ రాజ్యపు హాజీల కోసం రుబాత్ కట్టించారు, ఆ పాత రాజ్యం జిల్లాలవారికి నేటికీ అక్కడ ఉచిత వసతి దొరుకుతున్నది. మా సీమ 1800లోనే కంపెనీవారి పాలయింది కాబట్టి మాకు ఆ భాగ్యం లేదు. అలాంటి రాజభవనాలు కట్టడం మా తరం కాదు. కొడికొండ దారిలో చీకటి పడిన బాటసారికి ఒక గది, ఒక బిందె నీళ్లు, ఒక దుప్పటి సమకూర్చడం మాత్రం జమాఅత్ చేతిలో పనే. మా వద్దకు అనుమతి అడగడానికి వచ్చే కుర్రవాళ్లకు మేము మొదట ఈ పని అప్పగిస్తున్నాము: ముందు ఆ గది తాళం తీయించి, చాపలు దులిపించండి. ఒక నెల పాటు ఆ గదికి వచ్చేవారికి అన్నం తెచ్చి పెట్టండి. పెట్టే చేయి ఎలా ఉంటుందో తెలిసినవానికే తినే మర్యాద తెలుస్తుంది. కొందరు ఆ తరువాత మళ్లీ మా వైపు రాలేదు, అది వారి ఇష్టం.

మిగిలినవారు తండ్రి అనుమతి తెచ్చుకోవాలి. యుద్ధానికి వస్తానన్న వానిని సైతం దైవప్రవక్త (సఅసం) ‘నీ తల్లిదండ్రులు ఉన్నారా’ అని అడిగి, వారి సేవలోనే పాటుపడమని పంపివేసిన హదీసు ఉన్నది. ఆ కువైట్ తండ్రికి మేము చెప్పినది మాత్రం వేరు. కొడుకును ఆపవద్దు, వీలయితే మీరూ వాడితో వెళ్లండి, ఆ సముద్రపు ఒడ్డున ఒక సాయంత్రం కూర్చుని రండి అన్నాము. ఆయన నవ్వి, పాస్‌పోర్టు గడువు తీరిపోయిందన్నారు.

ఇబ్నె బతూతా తిరుగుప్రయాణంలో దమస్కు చేరినప్పుడు, తండ్రి మరణించి పదిహేనేళ్లయిందని తెలిసింది. అది మహామారి ప్రపంచాన్ని ఊడ్చివేస్తున్న కాలం. 1349లో మొరాకో చేరేసరికి తల్లి కూడా ఆ వ్యాధితోనే కన్నుమూసింది, అదీ కొద్ది నెలల క్రితమే. ఆయన తాంజియర్ వెళ్లి తల్లి సమాధిని దర్శించాడు. ఇల్లు విడిచి అప్పటికి ఇరవైనాలుగు సంవత్సరాలు.